రిలేషన్‌షిప్ కోచింగ్ ప్రాక్టీస్ పెట్టాలంటే: ముందు గుట్టు, తర్వాతే బోర్డు

విజయవాడ నుంచి మీరు అడిగిన ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 37, పన్నెండేళ్లుగా హెచ్ఆర్‌లో ఉద్యోగం, ఆఫీసులో ఎవరింట్లో గొడవొచ్చినా మీ దగ్గరికే వచ్చి చెప్పుకుంటారు. అందుకని పెళ్లికాని వాళ్లకీ, దంపతులకీ రిలేషన్‌షిప్ కోచింగ్ ఇచ్చే ప్రాక్టీస్ పెట్టాలనుకుంటున్నారు. ఏ కోర్సు చెయ్యాలి, ముందు ఎవరితో మొదలుపెట్టాలి, ఫీజెంత, క్లయింట్లు ఎలా వస్తారు, ఉద్యోగం ఎప్పుడు మానెయ్యాలి, గదికి ఏమేం కొనాలి అని అడిగారు. నేను 2011 నుంచి సికింద్రాబాద్‌లో ఇదే పని చేస్తున్నాను. మీరడిగిన వరసలో కాకుండా, నాకు ముఖ్యమనిపించిన వరసలో చెబుతాను.

మన దగ్గరికొచ్చి బాగుపడినవాళ్లు మన పేరు ఎక్కడా చెప్పరు. అన్నిటికన్నా ముందు మీరు తెలుసుకోవాల్సింది ఇదే. పళ్ల డాక్టరు బాగా చూస్తే పదిమందికి చెబుతారు. ట్యూషన్ టీచరు బాగా చెబితే అపార్ట్‌మెంట్‌లోని పిల్లలందరూ ఆమె దగ్గరే చేరతారు. కానీ "మా ఇద్దరికీ పడకపోతే ఫలానా మేడమ్ దగ్గరికి వెళ్లాం, ఇప్పుడు బాగున్నాం" అని పెళ్లి భోజనాల దగ్గర ఎవరూ అనరు. కూతురికి సంబంధాలు చూస్తున్న తల్లి అసలే అనదు. ఇది తెలియక నేను మొదటి రెండేళ్లు చాలా బాధపడ్డాను. పని బాగానే చేస్తున్నాను, ఎడమొహం పెడమొహంగా వచ్చినవాళ్లు కలిసి ఒకే బండి మీద వెళుతున్నారు, అయినా ఫోన్ మోగదేంటని.

ఇంటి గుట్టు లంకకు చేటు అని వింటూ పెరిగినవాళ్లం. అంత భయంగా దాచుకున్న గుట్టుని తెచ్చి మన చేతిలో పెడుతున్నారు. అందుకని ఈ ప్రాక్టీస్‌లో కోర్సు, ఫీజు, గది, ప్రచారం అన్నీ ఆ గుట్టు చుట్టూ అమర్చుకోవాల్సినవే. నేను ఒక దెబ్బ తిన్నాకే నేర్చుకున్నాను.

2012లో నా దగ్గర ఒక అమ్మాయి రిసెప్షన్ చూసేది. గురువారం సిట్టింగ్ ఉందని గుర్తుచెయ్యడానికి ఒక క్లయింట్ ఇంటికి ఫోన్ చేసింది. ల్యాండ్‌లైన్. అత్తగారు ఎత్తారు. "కౌన్సెలింగ్ నుంచి మాట్లాడుతున్నామండీ" అంది మా అమ్మాయి. తప్పు ఆ పిల్లది కాదు. ఫోన్ వేరేవాళ్లు ఎత్తితే ఏమనాలో నేను నేర్పలేదు. ఆ క్లయింట్ మళ్లీ రాలేదు. మూడు నెలల తర్వాత ఒక మెసేజ్ పెట్టింది: "ఆ ఫోన్ తర్వాత ఇంట్లో నా మాటకి విలువ లేకుండా పోయింది మేడమ్." నేను వెంటనే క్షమాపణ చెప్పాను. దానివల్ల ఆమెకి ఒరిగిందేమీ లేదు.

అప్పటినుంచి మా ఫారంలో పేరు కన్నా ముందుండే గడి ఇది: ఏ నంబరుకి, ఏ టైములో, ఏమని ఫోన్ చెయ్యమంటారు? కొందరు "టైలర్ అని చెప్పండి" అంటారు. నేను అబద్ధం చెప్పించను. "మేడమ్‌తో మాట్లాడాలి, తర్వాత చేస్తాను" అని పెట్టెయ్యమంటాను, అంతే. వాట్సాప్‌లో మేం ముందుగా మెసేజ్ పెట్టం, వాళ్లు పెడితేనే జవాబిస్తాం. ఇప్పుడు ఇంకోటి వచ్చింది, యూపీఐ. మీరు "హ్యాపీ కపుల్స్ కోచింగ్" లాంటి పేరుతో ఖాతా పెట్టుకుంటే ఆ పేరు వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పడుతుంది. భర్తకి తెలియకుండా మొదటిసారి ధైర్యం చేసి వచ్చిన ఆడమనిషికి అది చాలు, నెలాఖరుకి ఇంట్లో రచ్చ. మీ సొంత పేరుతోనో, ఏ అర్థమూ బయటపెట్టని పేరుతోనో ఖాతా తీసుకోండి.

ఒకరు వెళ్లాక ఇంకొకరు రావడానికి మధ్యలో కనీసం 20 నిమిషాలు ఖాళీ ఉంచండి. మెట్ల మీద తెలిసినవాళ్లు ఎదురైతే ఇద్దరూ మళ్లీ రారు. విజయవాడ మరీ చిన్న ఊరు కాకపోయినా, బెంజ్ సర్కిల్లో నిలబడితే చుట్టమో, చుట్టానికి చుట్టమో కనబడే ఊరే కదా. రోడ్డు మీదకి పెద్ద బోర్డు వద్దు. పళ్ల ఆసుపత్రి, ట్రావెల్ ఏజెన్సీ, ఆడిటర్ ఆఫీసు ఉన్న బిల్డింగ్‌లో రెండో అంతస్తు వెతకండి. ఆ లిఫ్ట్ ఎక్కినవాళ్లు ఎక్కడికి వెళుతున్నారో ఎవరికీ తెలియదు.

మరి క్లయింట్లు ఎలా వస్తారు? వాళ్లని పంపేది మధ్యలో ఉన్న మనుషులు. ఇంటి గొడవ ముందుగా ఎవరి చెవిన పడుతుందో ఆలోచించండి. గైనకాలజిస్టుకి తెలుస్తుంది. పిల్లల డాక్టరుకి తెలుస్తుంది. ఫ్యామిలీ కోర్టులో కేసులు చూసే లాయర్లకి తెలుస్తుంది. చర్చిలో పాస్టరుకి, కంపెనీల్లో మీలాంటి హెచ్ఆర్ వాళ్లకి, సంబంధాలు కుదిర్చే మ్యారేజ్ బ్యూరో వాళ్లకి తెలుస్తుంది. వీళ్లలో పదిహేనుమందిని స్వయంగా కలవండి. బ్రోచర్ ఇచ్చి రాకండి, అది డస్ట్‌బిన్‌కే. "మీ దగ్గరికొచ్చేవాళ్లలో ఎలాంటి వాళ్ల విషయంలో మీకు ఏం చెప్పాలో తోచదు?" అని అడిగి, కూర్చుని వినండి. నాకు మొదట నిలకడగా జంటల్ని పంపింది ఒక గైనకాలజిస్ట్. పిల్లలు పుట్టడం లేదని వచ్చే జంటల్లో కొందరు అసలు దగ్గరవ్వడమే లేదని ఆవిడకి తెలుసు. అది మాట్లాడేంత టైము ఆవిడకి లేదు.

లాయర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకారంతో విడాకులిచ్చే 13బి సెక్షన్ 1976లో వచ్చింది. ఏడాది విడిగా ఉన్నాక పిటిషన్ వెయ్యాలి, వేశాక ఆరు నెలలు ఆగాలి. తగిన కేసుల్లో ఆ ఆరు నెలలూ మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం ముందు రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత కూడా. మంచి లాయర్లు ఈ వ్యవధిలో జంటని మన దగ్గరికి పంపుతారు. ఆ జంటల్లో చాలామంది మళ్లీ కలవరు. కానీ పిల్లాడి స్కూలు, సెలవులు, అమ్మమ్మ తాతయ్యల రాకపోకలు అరుచుకోకుండా మాట్లాడుకుని విడిపోతారు. అది కూడా మన పనే. "ఎన్ని జంటల్ని కలిపారు?" అని అడిగేవాళ్లకి నేను లెక్క చెప్పను, ఆ లెక్క రాసుకోను కూడా. కలపడమే లక్ష్యమని కూర్చుంటే, విడిపోవాల్సిన మనిషిని బలవంతాన ఆపుతాం.

రీల్స్, టెస్టిమోనియల్స్ గురించి ఒక్క మాటలో చెబుతాను: ప్రచారానికి క్లయింట్ల కథలు వద్దు. పేరు మార్చినా సరే, సమ్మతి తీసుకున్నా సరే. ఇవాళ సంతోషంగా వీడియోలో మాట్లాడిన జంట వచ్చే ఏడాది విడిపోతే ఆ వీడియో వాళ్ల మెడకి చుట్టుకుంటుంది. అది చూసిన మిగతావాళ్లు "మన గురించి కూడా ఇలా చెబుతుందేమో" అనుకుంటారు. మీరు ఏం నమ్ముతారో, ఎలా పనిచేస్తారో చెప్పండి, చాలు.

ఇక కోర్సు. మన దేశంలో "కోచ్" అని పెట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. అందుకే మూడు రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో బోర్డు కట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ "క్లినికల్ సైకాలజిస్ట్" అనే మాట మీరు వాడకూడదు. దానికి 1992 చట్టం కింద ఏర్పడ్డ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. "థెరపీ" అనే మాట కూడా వాడొద్దని నా సలహా. కోచింగ్ అంటే రేపటి గురించి పని: ఏం కావాలి, ఏం మార్చుకోవాలి, ఈ వారం ఏం చేద్దాం. డిప్రెషన్, గాయపడిన బాల్యం, తాగుడు, అనుమానపు జబ్బు ఇవి మన చేతిలో తగ్గేవి కావు. ఒక సైకియాట్రిస్టు, ఒక క్లినికల్ సైకాలజిస్టు, ఒక ఫ్యామిలీ లాయరు, ఈ ముగ్గురితో పరిచయం లేకుండా మొదటి క్లయింటుని తీసుకోకండి.

ఉద్యోగం చేస్తూ చదవాలంటే మీకు దూరవిద్య ఇచ్చే ఇగ్నో అందుబాటులో ఉంది. కౌన్సెలింగ్ అండ్ ఫ్యామిలీ థెరపీలో పీజీ డిప్లొమా, ఎమ్మెస్సీ నడిపేవాళ్లు, ఇప్పుడు అడ్మిషన్లు ఉన్నాయో లేదో కనుక్కోండి. విజయవాడలోనే వాళ్ల రీజినల్ సెంటర్ ఉంది. కోచింగ్ వైపు అయితే ఐసీఎఫ్ అనే కోచ్‌ల అంతర్జాతీయ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లలో మొదటి మెట్టు ఏసీసీ: 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం. తర్వాతి మెట్టు పీసీసీకి 125 గంటలు, 500 గంటలు. ఈ అనుభవం గంటల్ని చాలామంది పట్టించుకోరు, నాకైతే అవే ముఖ్యం. సర్టిఫికెట్ కన్నా, ఆ వంద గంటలూ మీరు కూర్చున్నప్పుడు పక్కనుంచి తప్పులు పట్టే సూపర్‌వైజర్ దొరకడం పెద్ద అదృష్టం. పద్నాలుగేళ్లయినా నేను ఇప్పటికీ నెలకి ఒకసారి నాకన్నా పెద్దావిడ దగ్గర కూర్చుని, పేర్లు చెప్పకుండా, నన్ను ఇబ్బందిపెట్టిన సిట్టింగుల గురించి మాట్లాడతాను.

జంటల విషయంలో చదవాల్సింది అమెరికాలోని సియాటిల్‌లో జాన్ గాట్‌మన్ అనే సైకాలజిస్ట్ చేసిన పరిశోధన. దశాబ్దాల పాటు జంటల్ని గమనించి ఆయన చెప్పిన ఒక లెక్క నాకు రోజూ పనికొస్తుంది: భార్యాభర్తల గొడవల్లో 69 శాతం ఎప్పటికీ తీరేవి కావు, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. ఒకరికి పొదుపు, ఇంకొకరికి ఖర్చు. ఒకరికి నలుగురూ కావాలి, ఇంకొకరికి మౌనం కావాలి. వాటిని తీర్చమని మన దగ్గరికొస్తారు. తీరవని, వాటితో గాయపడకుండా బతకడం నేర్చుకోవచ్చని చెబితే, చాలామంది మొహంలో బరువు దిగడం చూశాను. కాకపోతే ఆయన చూసింది ఎక్కువగా అమెరికా జంటల్ని, అక్కడ గదిలో ఇద్దరే. మనకి ఆ ఇద్దరి వెనకాల ఎనిమిదిమంది నిలబడి ఉంటారు.

కుటుంబాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం మనకి కొత్తేమీ కాదు. 1950ల్లోనే అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ అనే ఆయన రోగుల కుటుంబాల్ని ఆసుపత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉంచి, వాళ్లని కూడా వైద్యంలో భాగం చేశారు. కుటుంబాన్ని బయట నిలబెట్టి మనిషిని బాగుచెయ్యలేమని ఆయనకి అర్థమైంది. మనం గుడారాలు వెయ్యక్కర్లేదు. కానీ వదినగారు ఎవరు, మామగారి మాట ఇంట్లో ఎంతవరకు చెల్లుతుంది, పుట్టింటికి రోజుకి ఎన్ని ఫోన్లు పోతాయి, ఇవి అడగకుండా మొదటి సిట్టింగ్ ముగించకండి.

పెళ్లికాని వాళ్లతో మొదలుపెట్టాలా, జంటలతోనా? పెళ్లికాని వాళ్లతో మొదలుపెట్టండి. జంటల పని కష్టం. ఇద్దరి మధ్య మాట పెరిగినప్పుడు గది మీ చేతిలోంచి జారిపోతే ఇద్దరికీ నష్టం. ఒక్క మనిషితో కూర్చునే పనిలో చెయ్యి తిరిగాక జంటల దగ్గరికి వెళ్లండి.

పెళ్లికాని వాళ్లలో నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది 28 నుంచి 36 మధ్యవాళ్లు. తరచుగా ముందు ఫోన్ చేసేది వాళ్లు కాదు, అమ్మ. "నలభై సంబంధాలు చూశామండీ, ఒక్కటీ నచ్చదంటాడు, మీరొకసారి చెప్పి చూడండి" అంటుంది. ఇక్కడే తేల్చుకోవాలి: మీ క్లయింట్ ఎవరు? డబ్బు కట్టే తల్లా, కూర్చునే కొడుకా? నా పద్ధతి ఏంటంటే, తల్లిదండ్రులు ఫీజు కట్టొచ్చు, రిపోర్టు మాత్రం ఇవ్వను. ఆ మాట ఫోన్లోనే చెబుతాను. కొందరు తల్లులకి కోపం వస్తుంది, ఫోన్ పెట్టేస్తారు. పెట్టెయ్యనివ్వండి. తల్లికి చేరవెయ్యరని నమ్మకం కుదిరాకే ఆ అబ్బాయి నోరు విప్పుతాడు. వేరే కులం అమ్మాయిని ఇష్టపడి చెప్పలేకపోతున్నాడో, అసలు పెళ్లే వద్దనుకుంటున్నాడో, తన ఇష్టం అమ్మాయిల వైపు కాదో, అప్పుడుగానీ తెలియదు. మీ పని అతన్ని పెళ్లికి ఒప్పించడం కాదు. తనకేం కావాలో తనకి తెలిసేలా చెయ్యడం, అది ఇంట్లో చెప్పుకునే మాట వెతికి ఇవ్వడం.

నిజంగా సంబంధాలు చూసుకుంటున్న వాళ్లతో అయితే నేను పెళ్లిచూపుల ప్రాక్టీస్ చేయిస్తాను. పెద్దవాళ్లు "మీరిద్దరూ కాసేపు మాట్లాడుకోండి" అని డాబా మీదకి పంపిస్తే ఇరవై నిమిషాలు దొరుకుతాయి. ఆ ఇరవై నిమిషాలూ హాబీలు, సినిమాలు, ఆఫీసు షిఫ్టుల్లో అయిపోతాయి. మూడు విషయాలు అడగడం నేర్పుతాను. ఒకటి, డబ్బు: "ఇప్పుడు ఇంటికి ఎంత పంపిస్తున్నారు, పెళ్లయ్యాక అది మారుతుందా?" రెండు, పెద్దవాళ్లు: "అమ్మానాన్నలు మనతో ఉంటారా, ఎప్పటినుంచి?" మూడు, మాట కాదన్న అనుభవం: "ఇంట్లోవాళ్లు వద్దన్నా మీరు చేసిన పని ఏదైనా ఉందా?" ఈ మూడో ప్రశ్నకి వచ్చే జవాబులో మనిషి చాలావరకు కనబడతాడు. అమ్మాయిలకి అడగడానికి మొహమాటం. నా ముందు పదిసార్లు గట్టిగా అనిపిస్తాను. పదోసారికి గొంతు వణకదు.

పెళ్లికాని వాళ్లతో ఆరు సిట్టింగులు సరిపోతాయి. విడాకుల తర్వాత రెండో పెళ్లి ఆలోచనలో ఉన్నవాళ్లకి ఎక్కువ పడుతుంది. వాళ్ల దగ్గర తొందరపడకండి.

ఇప్పుడు జంటలు. మొదటి సిట్టింగ్ ఇద్దరితో కలిపి 90 నిమిషాలు. తర్వాత విడివిడిగా ఒక్కొక్కటి. ఆ తర్వాత మళ్లీ కలిపే. విడివిడిగా కూర్చోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, కొట్టడం. ఇద్దరూ ఉన్నప్పుడు "ఇంట్లో చెయ్యి చేసుకుంటారా?" అని ఎప్పుడూ అడగకండి. "లేదు" అనే జవాబే వస్తుంది. నిజం చెబితే ఇంటికెళ్లాక ఆమెకి ఇంకో దెబ్బ పడుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు, మామూలు గొంతుతో అడగండి: "గొడవ బాగా పెరిగినప్పుడు ఏం జరుగుతుంది? మీకు భయమేసిన రోజు ఉందా?" ఉందంటే జంట కోచింగ్ అక్కడితో ఆపెయ్యాలి. ఇద్దరూ సమానంగా మాట్లాడగలిగే చోటే మన పద్ధతులు పనిచేస్తాయి. 2005 నాటి గృహహింస చట్టం, 181 మహిళా హెల్ప్‌లైన్, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి వన్ స్టాప్ సెంటర్, వీటి గురించి ఆమెకి చెప్పండి, ఏది వాడుకోవాలో ఆమె నిర్ణయం. ఎవరైనా చావు మాట ఎత్తితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 మీ నోటికి వచ్చి ఉండాలి. అది 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో కూడా మాట్లాడతారు.

రెండోది, రహస్యాలు. ఒంటరి సిట్టింగ్‌లో భర్త "నాకు ఇంకొకరితో సంబంధం ఉంది, ఆవిడకి చెప్పకండి" అంటే మీరేం చేస్తారు? అప్పటికప్పుడు ఆలోచిస్తే చిక్కుకుపోతారు. అందుకే మొదటి రోజే రాతపూర్వకంగా సంతకం తీసుకుంటాను: ఒంటరిగా చెప్పినది నేను బయటపెట్టను, కానీ అది జంట పనికి అడ్డమైతే, మీరే చెప్పడానికి టైమిస్తాను, చెప్పకపోతే కారణం చెప్పకుండా నేను తప్పుకుంటాను. ఇంకో రెండు కూడా అందులో ఉండాలి. పిల్లల మీద లైంగిక నేరం గురించి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి, దాన్ని దాచడం కుదరదు. లాయరుకి చెప్పిన మాటకి చట్టంలో రక్షణ ఉంది, కోచ్‌కి చెప్పిన మాటకి అలాంటిది లేదు. రేపు కోర్టు పిలవొచ్చు. అందుకని నోట్సులో నేను ఆ రోజు ఒప్పుకున్న పని, తర్వాతి తేదీ మాత్రమే రాస్తాను. ఎవరు ఎవర్ని ఏమన్నారో రాయను.

ఫోన్లు గది బయట బుట్టలో పెట్టిస్తాను. భార్యాభర్తలు రహస్యంగా రికార్డు చేసుకున్న మాటల్ని విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పాక ఈ విషయంలో ఇంకా కచ్చితంగా ఉంటున్నాను. రికార్డు అవుతోందన్న అనుమానం ఉంటే మనిషి జడ్జికి వినబడేలా మాట్లాడతాడు, పక్కన కూర్చున్న మనిషికి వినబడేలా కాదు.

గదిలో నిజంగా ఏం జరుగుతుందో ఒక్కటి చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. పెళ్లయి నాలుగేళ్లు. అత్తమామలతో కలిసి ఉంటున్నారు. చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పే పద్ధతి ఒకటుంది, హార్విల్ హెండ్రిక్స్, హెలెన్ లాకెల్లీ హంట్ అనే దంపతులు ప్రచారంలోకి తెచ్చింది. ఒకరు ఒక వాక్యం చెబుతారు, ఇంకొకరు దాన్ని ఏమీ కలపకుండా తిరిగి చెప్పాలి. ఆ అమ్మాయి అంది: "మీ ఇంట్లో నాకు ఆకలేస్తోందని చెప్పుకోలేను." అతను వెంటనే, "మా అమ్మ వంట నచ్చట్లేదు అంటోంది" అన్నాడు. కాదు, ఆమె అన్నది చెప్పండి అన్నాను. "మా ఇంట్లో తనకి ఫ్రీడమ్ లేదంట." మళ్లీ అదే అన్నాను. అతనికి విసుగొచ్చింది, గడియారం చూశాడు. నేనేమీ మాట్లాడలేదు. మూడోసారి నెమ్మదిగా ఒక్కో మాటా పేర్చుకుంటూ అన్నాడు: "మా ఇంట్లో... నీకు ఆకలేస్తే... చెప్పుకోలేవు." అని ఆగిపోయాడు. ఆమె తలూపింది. కాసేపటికి, "ఎప్పటినుంచి?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్న కోసమే మూడు సిట్టింగులు పట్టింది. నేను తీర్పు చెప్పలేదు. మన ఊళ్లలో పెద్దమనుషులు కూర్చుని తప్పెవరిదో తేల్చేవాళ్లు. జనం మన దగ్గరికి కూడా అదే ఆశతో వస్తారు, "తప్పెవరిదో మీరే చెప్పండి మేడమ్" అంటారు. చెప్పారా, ఆ రోజుతో ఒకరు మీకు దూరం. హెచ్ఆర్‌లో ఇద్దరి మాటా విని తేల్చెయ్యడం మీకు అలవాటై ఉంటుంది. మీరు మానుకోవాల్సిన అలవాట్లలో ఇది మొదటిదని నా అనుమానం.

విదేశాల్లో ఉన్నవాళ్ల గురించి కొంచెం. డాలస్‌లో శనివారం పొద్దున్న ఎనిమిదంటే వేసవిలో మనకి సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. భర్త అక్కడ, వీసా కోసం ఎదురుచూస్తూ భార్య ఇక్కడ, ఇలాంటి జంటలు వీడియోలో వస్తారు. తెలుగులో మనసు విప్పే మనిషి అక్కడ దొరక్క వెతుక్కుంటూ వస్తారు. అమెరికాలో థెరపీకి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం లైసెన్సు ఉండాలి. అందుకని వాళ్లకి రాసిచ్చే కాగితంలో కోచింగ్ అనే స్పష్టంగా ఉండాలి. వీడియో సిట్టింగ్ మొదట్లో "గదిలో మీరొక్కరేనా?" అని ప్రతిసారీ అడగండి.

ఫీజు. నేను మొదలుపెట్టినప్పుడు 300 రూపాయలు తీసుకున్నాను, అదీ మొహమాటంగా. ఇప్పుడు ఒక్కరికి గంటకి 1,500, జంటకి 90 నిమిషాలకి 2,500. మీరు మీ ఊరి లెక్క చూసుకోండి. వారానికి 12 సిట్టింగులు దాటితే నా వినికిడి మొద్దుబారుతుంది, మీకూ అంతే అనుకోండి. వారానికి పది జంట సిట్టింగుల చొప్పున నెలకి నలభై, అంటే లక్ష రూపాయలు. అద్దె, రిసెప్షన్ జీతం, సూపర్‌వైజర్ ఫీజు, రద్దయిన సిట్టింగులు తీసేస్తే ఇంటికి వచ్చేది అరవై వేలు. ఆ నలభై నిండడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ప్యాకేజీ కట్టించుకుని మధ్యలో మానేస్తే డబ్బు తిరిగివ్వననడం నాకు ఇష్టం లేదు. ఏ సిట్టింగుకి ఆ సిట్టింగే. ఉచితం మాత్రం చెయ్యకండి, చుట్టాలకి అసలే చెయ్యకండి. డబ్బు లేనివాళ్ల కోసం వారానికి రెండు సిట్టింగులు 300కే ఉంచుతాను. జీఎస్టీ ఏడాదికి 20 లక్షల రాబడి దాటాకే కాబట్టి మొదట్లో ఆ టెన్షన్ అక్కర్లేదు. ఆడిటర్ని మాత్రం మొదటి ఏడాదే పెట్టుకోండి.

ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. శని, ఆదివారాల్లో, వారంలో రెండు సాయంత్రాల్లో చెయ్యండి. మీ కంపెనీ ఉద్యోగుల్ని క్లయింట్లుగా తీసుకోకండి, వాళ్ల అప్రైజల్ మీ చేతిలో ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా బయట పని చేసుకోవడానికి మీ అపాయింట్‌మెంట్ లెటర్ ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి, అది నాకన్నా మీకే బాగా తెలుసు. వరుసగా ఆరు నెలలు మీ ఇంటి ఖర్చులో సగం ప్రాక్టీస్ నుంచి వస్తే అప్పుడు రాజీనామా గురించి ఇంట్లో మాట్లాడండి.

చివరగా గది. సోఫా వద్దు. పడనివాళ్లు సోఫాలో పక్కపక్కన కూర్చోలేక ఒకరు అంచు మీదకి జరుగుతారు, గంటసేపు ఒళ్లంతా బిగబట్టుకుంటారు. విడి కుర్చీలు, అన్నీ ఒకే ఎత్తు, మీది కూడా. చక్రాలు ఉండకూడదు. తలుపు గట్టిది వేయించండి, బయట హాల్లో ఒక ఫ్యాన్ చప్పుడు చేస్తూ తిరుగుతుంటే మంచిది, లోపలి మాట బయటికి రాదు. గడియారం వాళ్ల వెనక గోడకి పెట్టండి, మీకు కనబడాలి, వాళ్లకి కాదు. మంచినీళ్లు, టిష్యూ కాగితాలు చేతికి అందేలా ఉంచండి. ఏడుస్తున్న మనిషికి కాగితం తీసి అందించకండి, ఏడుపు ఆపమన్నట్టు ఉంటుంది. కుర్చీలు మూడు చాలనుకుంటారు, నాలుగు కొనండి. మొదటిరోజు ఎవరో ఒకరి అమ్మ కూడా వస్తుంది. ఆమెని బయట బెంచీ మీద కూర్చోబెట్టకుండా, మొదటి పది నిమిషాలు లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, ఆమె చెప్పేది విని, అప్పుడు పంపించండి.